చిన్న తూటా వెల

కోటలను కూల్చిన ఫిరంగులకు పేర్లు పెట్టినారు. కొన్నింటిని బురుజులపై నిలిపి నేటికిని చూపుచున్నారు. అంగుళములో నాలుగవ వంతైనను లేని తూటాకు అట్టి గౌరవమేదియు దక్కలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దానిని "ట్వెంటీ టూ" అని పిలుతురు. అంగుళమును నూరు భాగములు చేసినచో దాని వ్యాసము 22 భాగములు, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు. సీసపు గుండు బరువు సాధారణముగ 40 గ్రెయినులు, రెండున్నర గ్రాములకు కొంచెము ఎక్కువ. మన కంసాలి త్రాసులో తూచినచో ఇంచుమించు 21 గురివింద గింజల ఎత్తు. పెద్ద సైన్యము లేవియు దీనిని యుద్ధమునకు ప్రధానాయుధముగ ఎన్నుకొనలేదు. అయినను మనిషి కాల్చిన తూటాలలో దీనికంటె ఎక్కువ సంఖ్యలో ఖర్చయినది మరియొకటి ఉన్నదని చెప్పుట కష్టము.

దీనిని గురించి ఆ దేశపు వృద్ధులు చెప్పుకొను జ్ఞాపకములలో ఒక విశేషమున్నది. కథ తాత యిచ్చిన తుపాకితో మొదలైనను, పొలముగట్టున కనబడిన కుందేలుతో మొదలైనను, చివరకు వెల దగ్గరకు వచ్చి నిలుచును. సెంటుకు ఒక తూటా. అర డాలరుకు ఏబది తూటాల పెట్టె. కొందరు ఇంకను వెనుకకు పోయి, పెట్టె మొత్తము కొనలేని పిల్లలకు దుకాణదారుడు విడితూటాలు లెక్కపెట్టి యిచ్చెడివాడని చెప్పుదురు. బియ్యము ధర, బంగారము ధర జ్ఞాపకముంచుకొనుట అన్ని దేశములలోను ఉన్నదే. రెప్పపాటులో ఖర్చయిపోవు వస్తువు ధర ఇంత గట్టిగ మనసులో నాటుకొనుట మాత్రము ఆలోచింపదగినది.

దీని పుట్టుక వేటలో లేదు, వినోదములో ఉన్నది. 1845లో లూయీ నికొలా ఫ్లోబేర్ అను ఫ్రెంచివాడు తుపాకి రంజకపు టోపీ కొనకు చిన్న గుండును బిగించి ఒక తూటాను కల్పించినాడు. అందు వేరుగ మందు లేదు. రంజకపు పేలుడే గుండును తోయును. సంపన్నులు తమ భవనములలోనే గురి కట్టి ప్రొద్దుపుచ్చుటకు అది ఉపయోగపడినది. 1857లో అమెరికాలోని స్మిత్ అండ్ వెసన్ కంపెనీవారు దాని పొడవు పెంచి, నాలుగు గ్రెయినుల నల్లమందు నింపి, తమ మొదటి రివాల్వరుకై ఒక తూటాను చేసినారు. "షార్ట్" అను పేరుతో అది నేటికిని బ్రదికియున్నది.

ఆ రివాల్వరు వెనుక రోలిన్ వైట్ అను ఒక దురదృష్టవంతుడున్నాడు. తూటాలను వెనుకనుండి దూర్చుటకు వీలుగ రివాల్వరు చక్రమును ఈ కొననుండి ఆ కొనకు తొలిచెడి విధానముపై పేటెంటు ఆతనిది. ఒక్కొక్క రివాల్వరుకు 25 సెంట్ల చొప్పున చెల్లించుటకు ఒప్పుకొనిన కంపెనీ, పేటెంటును కాపాడుకొను వ్యాజ్యముల భారమును మాత్రము ఆతని నెత్తిన పెట్టినది. అమెరికా అంతర్యుద్ధ కాలమున సైనికులు ఆ రివాల్వరును సొంత డబ్బుతో కొనుక్కొన్నారు. వైట్‌కు వచ్చిన సొమ్ము చాలవరకు న్యాయస్థానములలో కరగిపోయినది. 1869లో పేటెంటు గడువు తీరినది. ఆతనికి ఊరట కల్పింప అమెరికా కాంగ్రెసు ఆమోదించిన బిల్లును అధ్యక్షుడు గ్రాంట్ 1870లో వీటో చేసినాడు. ఈ తూటా గాథలో చిల్లర లెక్కకు బలియైన మొదటివాడు ఇతడే కావచ్చును.

లోకమంతట వ్యాపించిన "లాంగ్ రైఫిల్" రూపము 1887 నాటిది. మసాచుసెట్స్ రాష్ట్రములోని స్టీవెన్స్ ఆయుధ కంపెనీ పేరు దానితో ముడిపడియున్నది. ఐదు గ్రెయినుల నల్లమందు, 40 గ్రెయినుల గుండు. ఈ తూటా నిర్మాణములో ఒక మర్మమున్నది. వెలను గురించిన కథ చాలవరకు దానిపైననే నిలిచినది. పెద్ద తూటాల అడుగున, నడిమి భాగమున, రంజకపు టోపీ వేరుగ అమర్చబడియుండును. పేలిన తరువాత దానిని ఊడదీసి, క్రొత్తది బిగించి, మందును గుండును మరల నింపి అదే ఇత్తడి గొట్టమును పలుమార్లు వాడుకొనవచ్చును. చిన్న తూటాకు ఆ టోపీ లేదు. తడి రంజకమును గొట్టము అడుగున వేసి గిర్రున త్రిప్పినచో అది మడతపడిన అంచులోనికి పోయి నిలుచును. తుపాకి సూది ఆ అంచును నలిపినంతనే పేలును. నలిగిన అంచు మరల బాగుపడదు. పెద్ద తూటా వాడువాడు వెల పెరిగినపుడు రాత్రులు కూర్చుండి తూటాలు నింపుకొని కొంత పూడ్చుకొనగలడు. చిన్న తూటా వాడువానికి దుకాణదారుడు చెప్పినదే వెల.

అయినను అది చౌకదనమునకు పర్యాయపదమైనది. 1907 డిసెంబరులో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరమున అడాల్ఫ్ టాపర్‌వైన్ అను ప్రదర్శకుడు పది దినములపాటు ఆకాశమునకు ఎగురవేసిన చెక్కముక్కలను వించెస్టర్ తుపాకులతో కొట్టినాడు. 72,500 ముక్కలలో తప్పినవి 9. గురిని గురించి లోకము నేటికిని చెప్పుకొనుచున్నది. తూటాల లెక్కను ఎవరును అడుగలేదు. సెంటుకు ఒకటి చొప్పున అవి 725 డాలర్లు. సుమారు ఆరేండ్ల తరువాత హెన్రీ ఫోర్డ్ రోజుకు ఐదు డాలర్ల కూలి ప్రకటించినపుడు లోకము నివ్వెరపోయినది. ఆ గొప్ప కూలి పొందిన కార్మికుడైనను 145 దినములు పనిచేసిననే గాని టాపర్‌వైన్ పదినాళ్లలో కాల్చిన తూటాల ఖరీదు కూడదు. 1959లో టామ్ ఫ్రై అను రెమింగ్టన్ కంపెనీ ప్రదర్శకుడు 100,010 చెక్కముక్కలు కొట్టి ఆరింటిని మాత్రమే తప్పినాడు. తూటాలు కంపెనీవి, లెక్క ప్రకటనల పద్దులో కలిసిపోయినది.

పల్లెలోని బాలుని లెక్క వేరు. 1929 తరువాతి ఆర్థిక మాంద్యపు దినములలో ఉడుతయు కుందేలును వినోదము కాదు, రాత్రి భోజనము. అమెరికాలో కనీస వేతనమును నిర్ణయించిన చట్టము 1938లో వచ్చినది: గంటకు 25 సెంట్లు. సెంటుకు ఒక తూటా అను జ్ఞాపకమునే ప్రమాణముగ తీసికొన్నచో, గంట కష్టమునకు 25 తూటాలు. పొలముకూలీలకు ఆ చట్టమైనను వర్తింపలేదు గనుక వారికి దక్కినవి ఇంకను తక్కువ. 1997లో కనీస వేతనము 5 డాలర్ల 15 సెంట్లయినది. ఆ దశాబ్దిలో పది పెట్టెలు కలిపి కట్టిన 500 తూటాల మూట, వాడుకలో "ఇటుక", పది డాలర్లకు అటునిటుగ దొరికెడిది. గంట కష్టమునకు 250 తూటాలన్నమాట. 2009లో వేతనము 7 డాలర్ల 25 సెంట్లకు చేరినది. 2020 తరువాతి ఎద్దడి తగ్గిన పిదప సాధారణ తూటా ఏడెనిమిది సెంట్లకు వచ్చినది. గంటకు తొంబది, నూరు.

ఈ లెక్క చూచినవారికి తాతల మాటలోని తిరకాసు తెలియును. సెంటు తూటా నాడు చౌక కాదు. ఎవరును పెద్దగ తలచుకొనని 1990 దశాబ్దియే నిజమైన చౌక కాలము. అప్పటి వెల ఎందరికో సరిగ గుర్తుకూడ లేదు. మాంద్యపు నాటి బాలుడు ఐదు తూటాలు జేబులో వేసికొని బయలుదేరి, ఇంటికి తెచ్చిన ఉడుతలకును మిగిలిన తూటాలకును తండ్రికి లెక్క చెప్పవలసియుండెడిది. ఆ లెక్కయే వానికి గుర్తున్నది. వృద్ధుడైన తరువాత దానికి చౌకకాలమను పేరు పెట్టుకొన్నాడు. ధరల చరిత్ర వ్రాయువారు జ్ఞాపకములను త్రోసిపుచ్చనక్కరలేదు గాని, వాటి ప్రక్కన కూలిరేట్లను కూడ పెట్టి చదువుట మంచిది.

పెట్టెపై వేయని ఖరీదులు మరికొన్ని ఉండెడివి. నల్లమందు పోయి పొగలేని మందు వచ్చిన తరువాత, పాత రంజకములోని లవణము నాళములో మిగిలి, రాత్రికి రాత్రి త్రుప్పు పట్టించెడిది. నల్లమందు మసి ఆ లవణమును కొంత కప్పిపుచ్చెడిది. క్రొత్త మందుకు మసి తక్కువ. వేటనుండి వచ్చినవాడు అలసియున్నను వేడినీళ్లతో తుపాకి కడుగవలసినదే. త్రుప్పు పట్టింపని రంజకము 1920 దశాబ్ది చివర గాని బజారులోనికి రాలేదు. పెట్టెలపై మరియొక హెచ్చరిక అచ్చువేసెడివారు: ఈ గుండు ఒక మైలు దూరము పోగలదు, జాగ్రత్త. సెంటు వస్తువుపై ఆ మాట చదివి ఎందరు నమ్మినారో గాని, అది నిజము.

రెండవ ప్రపంచ యుద్ధమున కర్మాగారములు సైన్యపు పనికి మరలినవి. పౌరుల దుకాణములలో తూటాలు అరుదైపోయినవి. యుద్ధము ముగిసిన పిదప మరల పెట్టెలు నిండినవి. ఇరువది ఏండ్లపాటు ఇనుపసామానుల అంగడిలో మేకులతోపాటు ఇదియు అమ్ముడైనది.

1968 జూన్ 5న లాస్ ఏంజెలిస్ నగరపు హోటలులో సెనేటరు రాబర్ట్ కెనడీని ఇరవైరెండు రివాల్వరుతో కాల్చినారు; మరునాడు ఆయన మరణించినాడు. ఉడుతల తూటాగ పేరుపడినది ఒక దేశపు రాజకీయమును మార్చినది. ఆ సంవత్సరము అక్టోబరులో వచ్చిన ఆయుధ నియంత్రణ చట్టము ననుసరించి తూటాలు కొన్నవాని పేరును, చిరునామాను వర్తకుడు పుస్తకములో వ్రాసికొనవలసివచ్చినది. పెద్ద రైఫిలు తూటాలకు ఆ నిబంధన 1969లోనే తొలగినది. రివాల్వరులోను ఇమిడెడి చిన్న తూటాకు నిలిచినది. ఇది వర్తకులకు మోయరాని భారమైనది. అర డాలరు, డాలరు పెట్టెలకు పుటలకు పుటలు వ్రాయవలెను. 1981 మార్చి 30న వాషింగ్టనులో అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులు జరిగినవి. అదియు ఇరవైరెండు రివాల్వరే. మరుసటి సంవత్సరము, 1982లో, అమెరికా కాంగ్రెసు ఈ తూటాల అమ్మకమునకు పుస్తకము వ్రాయనక్కరలేదని చట్టమును సడలించినది. 1986లో మిగిలిన తూటాలకును అదే సడలింపు వచ్చినది. వెల తక్కువగుట వలన లెక్క అనవసరమనిపించినది. అధ్యక్షుని దేహములోనుండి తీసిన గుండు ఆ తీర్పును మార్చలేకపోయినది.

లెక్కలేని వస్తువునకు కొరత వచ్చినపుడు జనము ఎట్లు ప్రవర్తింతురో 2013లో తెలిసినది. 2012 డిసెంబరు 14న కనెక్టికట్‌లోని న్యూటౌన్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలును, ఆరుగురు పెద్దలును హతులైనారు. క్రొత్త చట్టములు రానున్నవను భయముతో తుపాకులు కలవారు తూటాలకై ఎగబడినారు. అన్నింటికంటె ముందుగ కనుమరుగైనది ఇదే. సరుకు బండి వచ్చు వేళ తెలిసికొని తెల్లవారుజామునుండి అంగళ్లముందు వరుసలు కట్టినారు. మనిషికి ఇన్ని పెట్టెలని దుకాణములు హద్దు పెట్టినవి. ప్రొద్దున కొన్నదానిని సాయంకాలమునకు రెట్టింపు ధరకు అమ్మినవారును ఉన్నారు. కొన్ని సెంట్ల వస్తువు పది సెంట్లు దాటినది. ఆ ధరకైనను దొరకని ఊళ్లెన్నో. ఏబది చొప్పున లెక్కించు పాత అలవాటు తప్పి, 333, 525, 555 తూటాల డబ్బాలు వచ్చినందున వెలలను పోల్చుకొనుట కూడ కష్టమైనది.

కొరతయున్న చోట పుకారులకు కొరత యుండదు. ప్రభుత్వమే తూటాలన్నింటిని కొని దాచుచున్నదనినారు. 2013 చివర మిస్సోరీ రాష్ట్రములోని హెర్క్యులేనియమ్‌లో, ఖనిజమునుండి సీసము తీయు కొలిమి మూతపడినది. దేశములో అట్టిది అదొక్కటే మిగిలియుండుట వలన, తూటాల ఎద్దడికి అదియే మూలమను మాట వ్యాపించినది. ఎద్దడి అంతకు ఏడాది ముందే మొదలైనదనిగాని, అమెరికాలో వాడెడి సీసములో అధిక భాగము పాత బ్యాటరీలను కరగించి తీయునదేననిగాని ఎవరును ఆలోచింపలేదు. ఈ గందరగోళమున లాభపడినవి అడవి మృగములు. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టము ననుసరించి తుపాకులపై, తూటాలపై వచ్చు పన్ను వన్యప్రాణి సంరక్షణకు పోవును. తూటాలపై అది నూటికి 11. భయముతో కొన్న తూటాల వలన ఆ నిధికి మునుపెన్నడును రానంత ధనము చేరినది. ఆ భయము చల్లారుటకు మూడు నాలుగేండ్లు పట్టినది. 2020లో మహమ్మారితోపాటు అదే కథ మరల నడచినది.

ఇంతవరకు చెప్పినది వెలను డబ్బుతోనే కొలిచిన దేశపు సంగతి. ఇదే తూటా బ్రిటిష్ సామ్రాజ్యములో వేరు త్రోవ పట్టినది. 1899 నుండి 1902 వరకు జరిగిన బోయర్ యుద్ధమున దక్షిణాఫ్రికా రైతుల గురికి ఇంగ్లీషు పటాలములు తల్లడిల్లినవి. సామాన్య పౌరునికి గురి నేర్పవలెనన్న ఆలోచన అప్పుడు ఇంగ్లండులో పుట్టినది. పెద్ద రైఫిలు తూటా ఖరీదు కార్మికునికి అందదు; దానికి మైదానములు కావలెను. చిన్న తూటాకు ఇరువదియైదు గజముల గది చాలును. 1901లో కార్మికుల రైఫిల్ క్లబ్బుల సంఘము ఏర్పడినది. దానికి అండగ నిలిచినవాడు లార్డ్ రాబర్ట్స్.

ఈ రాబర్ట్స్ తెలుగువారికి బొత్తిగ పరాయివాడు కాడు. 1832లో కాన్పూరులో పుట్టినాడు. 1881 నుండి 1885 వరకు మదరాసు సైన్యమునకు సేనాధిపతి, తరువాత భారతదేశమంతటికి సేనాధిపతి. దక్షిణాది సిపాయిలు యుద్ధమునకు పనికిరారని, ఉత్తరపు "వీరజాతులను" చేర్చుకొనవలెనని వాదించినవారిలో ముఖ్యుడు. ఆ వాదము నెగ్గి, క్లైవు నాటినుండి కుంఫిణీ పతాకము క్రింద పోరాడిన తెలుగు సిపాయిల చేరిక 19వ శతాబ్ది చివరకు క్షీణించినది. లండను కార్మికుని చేతికి చౌక తూటా అందింపబూనినవాడును, గోదావరి విశాఖ మండలముల రైతుబిడ్డ చేతినుండి తుపాకి తొలగించుటకు దోహదము చేసినవాడును ఒక్కడే.

అంతకు మునుపే 1878 ఆయుధ చట్టము వచ్చియున్నది. లార్డ్ లిట్టన్ కాలపు ఆ శాసనము వలన భారతీయునికి లైసెన్సు లేనిదే తుపాకి లేదు, తూటా లేదు. ఇక్కడ తూటా వెలను అణాలలో చెప్పుట అర్థము లేని మాటయైనది; కలెక్టరు సంతకమే దాని వెల. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగ దాడి చేసి తెచ్చినవి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు. అవి ఈ చిన్న తూటాలు కావు, పోలీసు తుపాకులవి. ఎన్ని తీసికొన్నదియు ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసి పోయినాడు. టాపర్‌వైన్ చెక్కముక్కలపై ఒక పూటలో ఖర్చుచేసిన తూటాలకంటె అవి ఎక్కువ కావు. మన్యపు పితూరీ రెండేండ్లు నిలువవలసినది వాటిపైననే. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలకు పోయినపుడు ఆయుధములు చిక్కలేదు. ప్రభుత్వము ముందే తరలించినది. దుకాణమునకు పోయి కొనుటకు వీలులేని వస్తువు అయిపోవుచుండగా పోరు సాగించుట యెట్టిదో ఆ తరువాతి మాసముల చరిత్ర చెప్పును. 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయనను కాల్చిన తూటా ఖరీదు ప్రభుత్వపు పద్దులో ఎక్కడనో చేరియుండును.

స్వతంత్ర భారతము 1959లో క్రొత్త ఆయుధ చట్టము చేసికొన్నది. 1962 అక్టోబరు 1న అది అమలులోనికి వచ్చినది. లైసెన్సు నిలిచినది. ఒక్కసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకొనవచ్చునో, ఏడాదికి ఎన్ని కొనవచ్చునో అందులోనే వ్రాసియుండును. ఆ లైసెన్సుతో నిమిత్తము లేక లక్షలాది యువకులు చిన్న తూటాను చేతబట్టిన చోటు ఒకటున్నది. 1948లో నేషనల్ కేడెట్ కోర్ ఏర్పడినది. చీనా యుద్ధము తరువాత, 1963 నుండి 1968 వరకు, కళాశాల విద్యార్థులకు అది నిర్బంధమైనది. ఆ ఏండ్లలో వాల్తేరులోనో, గుంటూరులోనో, వరంగల్లులోనో చదివినవారు ఖాకీ నిక్కరు తొడిగి, ఇసుకబస్తాపై ముంజేయి ఆనించి, "పాయింట్ టూ టూ" రైఫిలుతో గురి చూచినవారే. మనిషికి ఐదు తూటాలు. వాటి వెల ఎంతయో ఎవరును చెప్పలేదు, ఎవరును అడుగలేదు. కాల్పులు ముగిసిన తరువాత హవల్దారు కేక వేసెడివాడు. బోర్ల పడుకొన్నవారు లేచి, మోకాళ్లపై పాకుచు, గడ్డిలో పడిన ఇత్తడి గొట్టములను వెదకెడివారు. మరల నింపుటకు దేనికిని పనికిరాని ఆ ముక్కలను ఐదింటికి ఐదు అప్పగించిన తరువాతనే తరువాతి వరుసకు పిలుపు వచ్చెడిది.